డిప్పర్ కొడితే ఆరిపోయే లైటు

మా బావ కాలు విరగడానికి కారణం ఆయన బండికి నేను బిగించిన లైటు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నా మొహం మీద అనలేదు. అనకపోవడం వాళ్ల మంచితనమే కావచ్చు గానీ, ఎవరో ఒకరు గట్టిగా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్టేవాళ్లు లేక నేనే కూర్చుని రాసుకుంటున్నాను.

బావ అంటే మా అక్క భర్త. మా మేనమామ కొడుకే. వాళ్లది పాలకుర్తి దగ్గర ఒక ఊరు. పొలం లేదు. వారం వారం జరిగే అంగళ్లు తిరిగి బట్టలమ్మడం ఆయన పని. నైటీలు, లంగాలు, తువ్వాళ్లు, పిల్లల గౌన్లు. ఒకరోజు పాలకుర్తి అంగడి, ఒకరోజు దంతాలపల్లి, మిగతా రోజుల్లో జనగామ వైపు రెండు మూడు ఊళ్లు. బట్టల దగ్గరికి గిరాకీ పొద్దంతా రాదు. కూలికి పోయిన ఆడవాళ్లు ఇంటికొచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, అప్పుడు అంగట్లోకి వస్తారు. వాళ్లు పది గౌన్లు తిరగేసి ఒకటి కొనేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. కాబట్టి బావ మూటలు కట్టుకుని ఇంటికి బయల్దేరేది ఎప్పుడూ చీకటి పడ్డాకే. మోటార్ సైకిల్‌కు అటొక మూట, ఇటొక మూట, ఆ రెంటి మధ్య ఇరుక్కుని మా అక్క.

అక్క అలా కూర్చోవడం నాకు గిట్టేది కాదు. అసలు సంగతి ఇదే, లైటు తర్వాత. నేను మహబూబాబాద్‌లో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. మా స్కూల్లో పనిచేసే ఒకాయన దంతాలపల్లి వైపు నుంచి వస్తాడు, మా ఇంట్లో ఒక పండక్కి అక్కను చూసినవాడే. ఒకరోజు స్టాఫ్ రూంలో అందరి ముందూ, "నిన్న మా అంగట్ల ఒకామె నైటీలు అమ్ముతుంటే చూసిన సార్, అచ్చం మీ అక్కలెక్కనే ఉన్నది" అన్నాడు. అచ్చం మా అక్కలా ఏమిటి, మా అక్కే. ఆ మాట నేను అనలేదు. "మనిషిని పోలిన మనిషి ఉండరా ఏంటి" అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మాత్రం తల కొట్టేసినట్టయింది. సారు గారి అక్క నేల మీద పట్టా పరుచుకుని, నూటయాభై నూటయాభై అని కేకలు పెట్టడమేమిటని నాలో నేను ఉడికిపోయాను.

ఆ ఆదివారమే వాళ్ల ఊరికి పోయి బావను అడిగాను, అక్కను ఎందుకు తీసుకుపోతున్నావని. ఒక్కడివే పోలేవా అని. బావ తేలిగ్గా ఏదీ చెప్పడు. నవ్వాడు. మూటలు పట్టుకోను మనిషి కావాలన్నాడు. నేను వదల్లేదు. చివరికి, వచ్చేటప్పుడు తొవ్వ సరిగా కనబడదు, బండి లైటు గుడ్డిది, ఇద్దరుంటే ధైర్యం అన్నాడు. అంతే, నాకు దారి దొరికిపోయింది. లైటే కదా, అది నాకు వదిలెయ్ అన్నాను. బండికి అదనపు లైటు బిగిస్తే అక్క ఇంట్లో ఉంటుంది, నా పరువు నిలుస్తుంది. అందరికీ చెప్పింది మాత్రం వాళ్ల క్షేమం కోసమని.

లైట్ల విషయంలో నాకొక పిచ్చి ఉంది. అది కూడా చెప్పాలి. మహబూబాబాద్‌కు రాకముందు నాలుగేళ్లు భూపాలపల్లిలో పనిచేశాను. అక్కడ బొగ్గు టిప్పర్లు ఎదురొస్తుంటే ఆ లైట్లకు రోడ్డూ చెట్టూ ఏమీ తెలిసేది కాదు. ఒకసారి కళ్లు బైర్లు కమ్మి బండితో సహా పక్క పొదల్లోకి పోయాను. మోచేతులు గీసుకుపోయాయి, అంతకన్నా ఏమీ కాలేదు. అప్పటినుంచి ఎదుటివాడు హెడ్ లైటు అప్పర్‌లో వేసుకుని వస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. దూరం పడేలా వేస్తే అప్పర్, ఎదురొచ్చేవాడి కోసం కిందికి దించితే డిప్పర్. ఈ చిన్న మర్యాద తెలియని వాళ్లను ఆపి మరీ చెప్పేవాణ్ని. గార్ల ఊరికి పోయే దారిలో ఒక పడుచువాణ్ని ఆపి, కంటిపాప వెలుతురుకు ఎట్లా ముడుచుకుంటుందో, తిరిగి విచ్చుకోవడానికి ఎంత సేపు పడుతుందో వివరించాను. అతను ఓపిగ్గా విని, "అయిపోయిందా సార్?" అని అడిగి, అదే లైటు వేసుకుని వెళ్లిపోయాడు.

సామాన్లు మహబూబాబాద్‌లోనే కొన్నాను. స్టేషన్ దారిలో బండ్ల కరెంటు పని చేసే ఒక ముసలాయన ఉన్నాడు. అందరిలాగే నేనూ చాచా అనే పిలుస్తాను. ఆయన కొట్టులో మనిషి కూర్చునే చోటు తప్ప మిగతా అంతా వైర్లే. ఒక ఎల్‌ఈడీ లైటు, రిలే, ఫ్యూజు, హ్యాండిల్ మీద బిగించే స్విచ్చి, ఎర్ర వైరు, నల్ల వైరు ఇచ్చాడు. బండెవరిదని అడిగాడు. మా బావదన్నాను. ఆయన వయసెంత, రోజూ ఎంత దూరం తిరుగుతాడు, ఇప్పుడున్న లైటుతో ఏమి ఇబ్బంది అంటున్నాడని ఒకటి వెంట ఒకటి అడిగాడు. పెళ్లి సంబంధం కాదు చాచా, లైటు కొంటున్నానన్నాను. నవ్వి, తీరిక ఉంటే బావను ఒకసారి ఇటు పంపమన్నాడు. బిగించడం నాకు వచ్చులే అన్నాను. బిగించడం నాకు నిజంగానే వచ్చు.

దసరా అయిన మూడో రోజు పని పెట్టుకున్నాను. బావ బండికి పండుగనాడు పెట్టిన పసుపు కుంకుమ ఇంకా ఉంది, హ్యాండిల్‌కు కట్టిన బంతిపూలు వాడిపోయి వేలాడుతున్నాయి. ముందు కాళ్లకు అడ్డంగా ఉండే గార్డుకు క్లాంపు వేసి లైటు బిగించాను. వైరును ట్యాంకు కింద నుంచి, ఎక్కడా ఇంజను వేడి తగలకుండా, వెనక్కి బ్యాటరీ దాకా తీసుకుపోయాను. అడుగడుక్కీ టేపు చుట్టాను. రోడ్డు పక్క మెకానిక్కులు చేసే పని చూస్తే నాకు జుగుప్స. వైరును పళ్లతో కొరికి, రెండు మెలికలు తిప్పి, అయిపోయిందంటారు. నా పని అలా ఉండదు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టాను, తర్వాత రిలే, అంటే లైటుకు కరెంటు కలిపి విడదీసే చిన్న డబ్బీ. బావ గొంతుకూర్చుని అడిగిన సామానల్లా అందిస్తున్నాడు. స్పానర్ అడిగితే, పక్కనే ఉన్నదాన్ని వదిలేసి నేలంతా తడిమాడు. "ముందు నీ కండ్లకు పెట్టాలె బావ లైటు" అని ఎగతాళి చేశాను. ఆయనా నవ్వాడు.

ఇక మిగిలింది ఒక్క వైరు. రిలేను పని చేయించే సన్నని వైరు. దాన్ని తాళం తిప్పగానే కరెంటు వచ్చే వైరుకు కలిపితే, కొత్త లైటు స్విచ్చి వేసినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. అలా కాకుండా హెడ్ లైటు అప్పర్ వైరుకు కలిపితే, అప్పర్ ఉన్నప్పుడే వెలుగుతుంది. డిప్పర్ కొట్టగానే అదీ ఆరిపోతుంది. ఎదుటివాడి కళ్లలో పడదు. నేను రెండోదే చేశాను. చేస్తూ, ఎందుకు అలా చేస్తున్నానో బావకు వివరంగా చెప్పాను.

బావ అంతా విన్నాడు. "ఆరకుంట చెయ్యరాదా?" అన్నాడు.

అలా చేస్తే ఎదురొచ్చేవాడికి ఏమీ కనబడదు, వాడు పోయి ఎవరికో గుద్దుతాడు, ఆ పాపం నీది అని మొదలుపెట్టాను. భూపాలపల్లి సంగతి చెప్పాను, కంటిపాప సంగతి చెప్పాను. బావ రెండోసారి కూడా మెల్లగా అడిగాడు, జర రెండు రకాలుగా ఉండేటట్టు చెయ్యరాదా అని. కుదరదన్నాను. కుదరకేం, కుదురుతుంది. ఇంకొక చిన్న స్విచ్చి పెడితే చాలు. కానీ మర్యాద అనేది ఇష్టమైతే పాటించేది కాదు కదా అన్నది నా వాదం. క్లాసులో ఎవరైనా రెండోసారి అదే ప్రశ్న వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపమే అక్కడ కూడా వచ్చింది. ఆయన ఇక అడగలేదు.

లైటు ఏ ఎత్తున పడాలో టేపు పెట్టి కొలిచి, నేనే సరిచూసి బోల్టు బిగించాను. ఆయనను ఎక్కి చూడమని కూడా అనలేదు. అక్కను పిలిచి, ఇక నీకు అంగడి బాధ తప్పింది, రేపటి నుంచి ఇంటి పట్టున ఉండు అన్నాను. అక్క లైటును చూడలేదు, బావ మొహం చూసింది. ఈ లైటు ఉంటే చాలా, సరిపోతుందా అని నన్ను అడిగింది. సరిపోతుందన్నాను. మళ్లీ అదే అడిగింది. ఎన్నిసార్లు చెప్పాలక్కా, నేను పెట్టిన లైటు మీద నమ్మకం లేదా అని విసుక్కున్నాను. చాయ్ పెడతానని లోపలికి పోయింది.

ఆ తర్వాత కూడా రెండు మూడు అంగళ్లకు ఆమె పోయిందని తెలిసింది. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. నీకు లేకపోయినా నాకు మానం ఉందన్నాను. ఆ మాట అన్నానని ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, అన్నాను. అక్క అవతల నుంచి "సరే తమ్మీ" అంది. దీపావళి వెళ్లాక బావ ఒక్కడే పోవడం మొదలైంది.

అది వానాకాలం పంట చేతికొచ్చే రోజులు. మా వైపు ఆ నెలల్లో సగం రోడ్డు బండ్లకు, సగం రోడ్డు వడ్లకు. కల్లాలు లేనివాళ్లు తారు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. పొద్దుగూకితే కుప్ప చేసి, మంచుకు తడవకుండా నల్ల టార్పాలిన్ కప్పుతారు, గాలికి లేవకుండా దాని మీదా రాళ్లే పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప. ఎవరినీ తప్పు పట్టలేం. అకాల వానకు కళ్ల ముందు వడ్లు మొలకెత్తుతుంటే ఏడ్చినవాళ్లను నేను చూశాను. తొవ్వ తెలిసినవాళ్లంతా ఆ నెలల్లో కుప్పలు చూసుకుని, మెల్లగా పక్కకు తప్పుకుని పోతుంటారు.

దంతాలపల్లి అంగడి ముగించుకుని వస్తున్నాడు బావ. ఏడు కూడా కాలేదు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చింది. బావ డిప్పర్ కొట్టాడు. నా లైటు, నేను చేసినట్టే, ఠక్కున ఆరిపోయింది. ట్రాక్టర్ దాటిపోయింది. బావ రాళ్ల వరుస మీదికెక్కి, అక్కడినుంచి వడ్ల కుప్ప మీదికి పోయాడు. బండి ఆయన కాలి మీద పడింది. కుప్పకు ఆ చివర ఒక అవ్వ కాపలా కూర్చుని ఉంది. మూర దూరంలో. బండి ఇంకాస్త పక్కకు జరిగి ఉంటే ఆమె పోయేది. ఆ అవ్వ ముందు బూతులు తిట్టి, తర్వాత బావ తలను ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించిందట. నాకు ఫోన్ వచ్చింది ఆమె కొడుకు దగ్గరి నుంచే. బావ ఫోన్‌లో మొదటి నెంబరు నాదే ఉంది.

నేను జనగామ దవాఖానకు పోయేసరికి కాలికి కట్టు కడుతున్నారు. తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. బావ పక్కన నిలబడి, ముందు నేను అన్న మాటేమిటో తెలుసా? అంత పెద్ద కుప్ప కనబడలేదా అన్నాను. ఆయన నొప్పితో పెదవి కొరుక్కుంటూ, ఎట్లా జరిగిందో చెప్పాడు.

"నువ్వు చెప్పినట్టె డిప్పర్ కొట్టిన బామ్మర్ది. అంత చీకటైపోయింది."

డిప్పర్ కొడితే నా లైటే కదా ఆరేది, హెడ్ లైటు ఉంటుంది కదా, అంత చీకటి ఎందుకవుతుందని నేను లెక్క చూసుకుంటున్నాను. బల్బు పోయిందేమో, ఫ్యూజు పోయిందేమో అనుకున్నాను. ఆ లెక్క తేలేదాకా బావ మొహం సరిగ్గా చూడలేదు.

వార్డు బయట బల్ల మీద అక్క కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. హెడ్ లైటు ఏమైంది, వైరింగ్ అయితే నేను సరిగ్గానే చేశానని మొదలుపెట్టాను. అక్క నా వైపు తిరగలేదు. ఎదుటి గోడను చూస్తూ చెప్పింది.

"ఆయనకు చీకట్ల కనవడది రా. ఆరేండ్లాయె. ఎడమ బుజం మీద తడితె ఎడమకు తిప్పుతడు, కుడి బుజం మీద తడితె కుడికి తిప్పుతడు. గట్ల తీసుకొస్తుంటి ఇంటికి. నువ్వొచ్చి నన్ను ఇంట్ల కూసోవెడితివి."

 ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదక్కా అన్నాను. అందులోనూ కొంచెం కోపమే ఉంది. తప్పు ఇంకెవరిదైనా అయితే బాగుండునన్న ఆశ ఉంది.

"నువ్వు అడిగితివా? నువ్వు ఎన్నడన్న అడుగుతవా తమ్మీ? నువ్వు చెప్తవ్. మేం వింటం" అంది అక్క.

తర్వాత మిగతాది మెల్లగా చెప్పింది. చీకట్లో కనబడదని తెలిస్తే అంగట్లో తోటి వ్యాపారులు రేచీకటోడని పేరు పెడతారని బావ భయం. సరుకు అప్పగించే సేటు వెనకాడతాడని ఇంకో భయం. బండి మానేస్తే రెండు మూటలతో ఆటోలు మారి ఐదు ఊళ్లు తిరగడం కుదరదు. సాయంత్రం ముందే దుకాణం కట్టేస్తే అసలు గిరాకీయే ఉండదు. అందుకని ఇద్దరూ ఈ ఏర్పాటు చేసుకున్నారు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు. నేను లైటు తెస్తానన్నప్పుడు, నిజంగానే దానితో కనబడుతుందేమోనని బావ ఆశపడ్డాడట. మొదటి నాలుగు రోజులు, అప్పర్ వేసుకున్నంతసేపు, రోడ్డు మధ్యన బాగానే కనబడిందట కూడా. చాలా ఏండ్లకు ఒక్కడే బండి నడుపుకుంటూ ఇంటికొచ్చినందుకు సంతోషపడ్డాడని అక్క చెప్పింది. ఆ సంతోషం చూసి తనూ నోరు మూసుకుందట.

కాలు కొంచెం కుదుటపడ్డాక వరంగల్‌లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కంట్లో చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, చాలాసేపు చూశాడు. మేనరికమా అని అడిగాడు. ఈయన తల్లిదండ్రులది కూడా మేనరికమేనన్నాను. బావను బయటికి పంపి నాకు చెప్పాడు. ఇది రేచీకటితో మొదలై, చుట్టుపక్కల చూపు కొంచెం కొంచెంగా మూసుకుపోయే జబ్బు. ఇప్పటికే పక్క చూపు చాలావరకు పోయింది, నడిమి చూపు మాత్రం మిగిలింది. అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. మందు లేదు. పగలైనా బండి ఎక్కనివ్వొద్దు. అక్కావాళ్ల పిల్లలిద్దరినీ కూడా చూపించమన్నాడు. చూపించాం. ఇప్పటికైతే వాళ్లకు ఏమీ లేదన్నాడు.

బావ బయట గోడకు ఆనుకుని నిలబడి, ఏమన్నాడని అడిగాడు. అడ్డమైన ప్రతివాడినీ రోడ్డు మీద ఆపి పాఠాలు చెప్పిన నేను, అక్కడ మాత్రం అబద్ధమాడాను. "టైం పడుతుందన్నాడు బావా" అన్నాను. ఆయన తలూపి, కర్ర సర్దుకున్నాడు. అక్కకు కూడా అదే చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఆ శీతాకాలం అంతా అక్క ఒక్కతే ఒక మూటతో ఆటోలో పాలకుర్తి అంగడికి మాత్రం పోయి వచ్చింది. నేను ఎవరి ముందైనా ఆమె మా అక్కేనని చెప్పడానికి ఇప్పుడు సిద్ధంగా ఉన్నాను గానీ, అడిగేవాళ్లు ఎవరూ లేరు.

శివరాత్రి వెళ్లాక బావ ఫోన్ చేశాడు. కర్ర వదిలేశాను, కొంచెం కుంటుతున్నాను, బండి బాగు చేయించాను, నువ్వొచ్చి ఆ లైటు ఆరకుండా ఉండేటట్టు కలిపి పోవాలన్నాడు. "నీ మర్యాద నాకు అక్కెర లేదు రా" అని నవ్వుతూ అన్నాడు. ఈసారి ఎదురుగా కూర్చుని నిజం చెప్పేయాలనే అనుకున్నాను. కానీ పోయేటప్పుడు సంచిలో స్పానర్లు, టేపు, టెస్టరు పెట్టుకున్నాను. చేతిలో పని ఉంటే మాట వాయిదా వేయొచ్చని నాకు తెలుసు.

ఒక్క వైరు మార్చడం ఎంతసేపు. అప్పర్ నుంచి విడదీసి, తాళం వైరుకు కలిపాను. సాయంత్రం ఆరున్నర దాటింది, వెలుతురు తగ్గుతోంది. గుద్దుకున్నప్పుడు లైటు వంగిపోయింది కాబట్టి ఎత్తు మళ్లీ సరిచేయాలి. బండిని ఇంటి ముందుకు తోసుకొచ్చి, పక్కింటివాళ్ల సున్నం గోడకు ఎదురుగా స్టాండు వేశాను. స్విచ్చి వేయగానే గోడంతా తెల్లగా వెలిగింది. డిప్పర్ కొట్టి చూపించాను. ఆరలేదు. బావ హ్యాండిల్ పట్టుకుని నిలబడి, గోడ మధ్యలో పడిన వెలుగును చూస్తున్నాడు. ఆయన మొహంలో అంత ఆనందం నేను ఆ మధ్య చూడలేదు.

అప్పుడే అక్క చెంబుతో నీళ్లు పట్టుకుని పెరటి వైపు నుంచి వచ్చింది. గోడ వారగా నడిచి వచ్చి, వెలుతురు అంచుకు కాస్త లోపలగా ఆగింది. మాకు ఐదారు అడుగుల దూరంలో. లైటు ఆమె మీద పూర్తిగా పడుతోంది. పచ్చ చీర, చేతిలో స్టీలు చెంబు, నుదుటి మీద చెమట, అన్నీ నాకు కనబడుతున్నాయి.

"మస్తుగ పడుతుంది రా" అన్నాడు బావ. "మీ అక్కను పిలువు. జర చూస్తది. ఒక్కడినే పోత అంటె నమ్ముతలేదు."

నేను పిలవలేదు. అక్క నన్ను చూసింది, తర్వాత ఆయనను చూసింది. చెంబు ఉన్న చేతిని మెల్లగా పైకెత్తింది. చెంబు మీద లైటు పడి మెరిసింది. బావ గోడ మధ్యలోకే చూస్తున్నాడు. నేను కదలకపోయేసరికి, ఆయనే వెనక్కి ఇంటి గుమ్మం వైపు తిరిగి, "ఇటు రాయే, లైటు చూద్దువు" అని గట్టిగా కేకేశాడు.

"ఈడనే ఉన్న" అంది అక్క.

బావ ఉలిక్కిపడ్డాడు. గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. కిందికీ పైకీ వెతికి, చివరికి ఆమె మొహం దొరికాక అక్కడ ఆగాడు. ఎంతసేపటి నుంచి ఉన్నావని అడగలేదు. గోడను ఒకసారి చూశాడు, మళ్లీ ఆమె నిలబడిన చోటును చూశాడు. నేను ఇన్నాళ్లుగా చెప్పలేకపోయింది ఆయనే తెలుసుకున్నాడు.

చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. లైటు ఆరిపోయింది. చీకటింకా పూర్తిగా పడలేదు. నాకు అక్క కనబడుతోంది, బండి కనబడుతోంది, ఆయన చేతిలోని తాళంచెవి కూడా కనబడుతోంది.

"తీస్కపో" అని దాన్ని నాకివ్వడానికి చాపాడు. నేను నిలబడిన వైపు కాదు, ఇంకోవైపు. అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎవరో ఒకరు అందుకుంటారని. నేను అందుకోవడానికి చాలాసేపు పట్టింది.